గీత దాటిన ఎరుపు

ఆమె తలుపు కొట్టలేదు, తోసుకునే వచ్చింది. డిటెక్టివ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రేపు పొద్దున్నే నామీద కేసు పెడతారట బాబూ. మా ఆయన బొమ్మ నేనే అమ్ముకుని, నకలు పత్రికవాళ్లకి అంటగట్టానట."

ఆమె భర్త పేరున్న కార్టూనిస్టు, పోయి ఏడాదైంది. ఆయన మొదటి రంగుల ముఖచిత్రం, అసలుది, ఇంట్లో గోడకుండేది. ప్రదర్శనకని ఆ ముఖచిత్రం వేసిన పత్రిక ఎడిటర్ అడిగితే ఇచ్చింది. ప్రదర్శన కమిటీ పంపిన నిపుణుడు కాగితం కొత్తదని తేల్చాడు. ఆమెతోపాటు ఆ ఇంట్లోనే ఉండే అల్లుడి మీదా అనుమానమే. అతను అదే పత్రికలో కంప్యూటర్ మీద కార్టూన్లకు రంగులు వేస్తాడు.

డిటెక్టివ్ లేచాడు. వెనకే అసిస్టెంటు, అంటే బావమరిది. బావమీద భక్తి అక్క పెళ్లితో మొదలైంది, జీతం తర్వాత వచ్చింది.

పత్రికాఫీసులో ఆమె, అల్లుడు, ఎడిటర్ చూస్తుండగా నకలు బల్లమీద పరిచారు. జలుబు చేసిన మొగుడు, గొడుగు పట్టిన పెళ్లాం, నాలుక చాపిన కుక్క. ముక్కు ఎరుపు చెంపమీద, నాలుక ఎరుపు గాలిలో, గొడుగు ఎరుపు అంచు బయట. అంతా కుడివైపుకే. మిగతా రంగులు బుద్ధిగా గీతల్లోనే ఉన్నాయి.

"ఎరుపేంటండీ ఇలా పొంగిపోయింది?" అన్నాడు డిటెక్టివ్.

ఎడిటర్ చిన్నగా నవ్వాడు. "అదే ఆయన శైలి. ఇప్పటివాళ్లకి చేతకాదు."

అల్లుడి మొహం మాడింది. "రంగు వెంట్రుకంత దాటినా మామయ్యగారు నన్ను అన్నం తిననిచ్చేవారు కాదు."

"ఆవిడ దగ్గర్నుంచి బొమ్మ ఎవరు తీసుకున్నారు?" అన్నాడు డిటెక్టివ్.

"నేనే. బీరువాలో పెట్టి తాళం వేశాను. నిపుణుడొచ్చేదాకా తీయలేదు," అన్నాడు ఎడిటర్.

డిటెక్టివ్ పాత సంచిక తెప్పించి పక్కన పెట్టాడు. అందులోనూ ఎరుపు అలాగే జరిగి ఉంది.

"అప్పట్లో అచ్చు వెయ్యడానికి ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు. ఎర్ర ప్లేటు కాస్త పక్కకు జరిగితే బొమ్మలో ఎరుపంతా అటే జరుగుతుంది. ఇది మెషీన్ తప్పు, ఆయన చెయ్యి కాదు. అంటే ఈ నకలు అసలు బొమ్మని చూసి వేసింది కాదు, అచ్చుని చూసి వేసింది. రోజూ గోడమీద అసలు చూసే ఈ ఇద్దరికీ అచ్చుతో పనేముంది? బొమ్మ చేతికి రాకముందే నకలు వేయించి, రాగానే మార్చినవాడికే అచ్చు కావాలి. మెషీన్ తప్పుని శైలి అనుకుని మురిసింది కూడా మీరొక్కరేనండీ."

ఎడిటర్ చూపు తలుపు వైపు పోయింది. అక్కడ బావమరిది నిలబడ్డాడు. అతను నిలబడితే ఇక తలుపు కనబడదు.

"కొనేవాడు తొందరపెట్టాడు," అన్నాడు ఎడిటర్ గొంతు తగ్గించి. "కమిటీ నిపుణుడిని పంపుతుందనుకోలేదు. తెలిసిపోయాక ఎవరో ఒకరి మీదికి తోసెయ్యాల్సి వచ్చింది."

బీరువా వెనకనుంచి అసలు బొమ్మ వచ్చింది. ఎరుపు ముక్కులోనే ఉంది.

ఆమె దాన్ని పొదివి పట్టుకుని, అప్పుడు కూర్చుంది.

"మరి ప్రదర్శనవాళ్లకి ఏం చెప్పమంటారు అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"చూడాలనుంటే ఇంటికే రమ్మను. చెప్పులతోపాటు చేతులు కూడా గుమ్మం బయటే విడిచి రమ్మను."