చివరి బండి తేదీ

"ఆదివారం తెల్లారేసరికి నాకు ఉద్యోగం ఉండదు, తలదాచుకోను ఇల్లూ ఉండదు," అంటూ మ్యూరియల్ ఆస్క్యూ, తన మీద రైలు కంపెనీకి వచ్చిన ఒక ఫిర్యాదు ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఆమె చేతి చెమటకు దాని అంచులు తడిసి ఉన్నాయి.

ప్రైవేటు డిటెక్టివ్ ఎడ్గర్ లాంబర్న్ ఉత్తరం అందుకున్నాడు. ఆయన సహాయకురాలు విన్నీ టీ పోసిచ్చింది. కప్పును రెండు చేతులతో పట్టుకున్న తీరు చూడగానే మ్యూరియల్ ఒంటరిదని విన్నీకి తెలిసిపోయింది. భర్త పోయాక తనూ అలాగే పట్టుకుంటోంది.

మ్యూరియల్ ఫెన్‌బీ స్టేషన్‌లో టికెట్ క్లర్కు. స్టేషన్ మీది రెండు గదుల్లోనే ఆమె కాపురం. లండన్‌కు ఉద్యోగాలకు పోయివచ్చే జనం ఎక్కే లైను అది. ప్రభుత్వం వదులుకున్నాక ఒక బస్సుల కంపెనీ గుత్తకు తీసుకుంది. తర్వాత ఓడల కంపెనీ వచ్చింది. ఇప్పుడు దాని గడువూ తీరి, ఆదివారం నుంచి మూడో కంపెనీ రాబోతోంది. గుత్తదారు మారినప్పుడల్లా రైలుపెట్టెల రంగూ, మ్యూరియల్ కోటు రంగూ మారాయి.

లాంబర్న్ ఉత్తరం పైకి చదివాడు. "శనివారం, మార్చి ముప్పై ఒకటి. రాత్రి పన్నెండూ నలభైకి ఫెన్‌బీలో చివరి బండి దిగాను. వెయిటింగ్ రూముకు తాళం. వానలో గంటసేపు నిలబడ్డాను. ఇట్లు, ఒక ప్రయాణికుడు."

"తాళం వేసిన మాట నిజమేనా?"

"నిజమే సార్. హీటరు గ్యాసు వాసన కొట్టింది, అందుకే వేశాను. రిపోర్టు రాశాను, చెప్పాల్సిన చోట చెప్పాను. ఆ రిపోర్టేమో పాత కంపెనీ ఫైళ్లతో ఏ పెట్టెలో పడిందో! కానీ సార్, ఆ బండిలోంచి ఒక్క మనిషి కూడా దిగలేదు. నా కళ్లతో చూశాను."

"మీరంటే గిట్టనివాళ్లు?"

"గిట్టడానికైనా గిట్టకపోవడానికైనా నన్ను పట్టించుకునేదెవరు సార్?"

మర్నాడు మధ్యాహ్నం లాంబర్న్, విన్నీ కారులో ఫెన్‌బీ చేరారు. చుట్టూ బురదనేల. ప్లాట్‌ఫారం మీద ఒక్క మిస్ డన్‌మోర్ ఉంది. రిటైరైన టీచరు. ఐదేళ్లలో నలభై ఫిర్యాదులు రాసిన మనిషి.

"ఈ ఉత్తరం మీదేనా?" అనడిగాడు లాంబర్న్.

"నాదా? నేను రాస్తే కింద నా పేరుంటుంది నాయనా! ఆ రాత్రి అదే బండిలో వెళ్లి తర్వాతి స్టేషన్ మార్ష్‌గేట్‌లో దిగాను. బండి మొత్తానికి ఉన్నది నేనొక్కదాన్నే."

లోపల ఏరియా మేనేజరు బ్రాడ్‌వెల్ వాచీ చూసుకుంటున్నాడు. ఆరునెలల కిందటి దాకా ఆయన బిస్కట్ల కంపెనీలో పనిచేశాడు. "కొత్తవాళ్లొచ్చేలోగా ఈ గొడవ తేల్చెయ్యాలండీ. ఫెన్‌బీకీ మార్ష్‌గేట్‌కీ కలిపి ఒకే క్లర్కునుంచుతారట."

మార్ష్‌గేట్ క్లర్కు సిరిల్ పైక్ కూడా వచ్చాడు. బక్కపలచని మనిషి, మెరిసేలా తోమిన బూట్లు. "ఏం మ్యూరియల్, నిద్రపోయావా? కళ్లు చూడు, కప్ప కళ్లలా ఉన్నాయి."

"నీ మొహం! నువ్వేదో పడుకున్నట్టు."

లాంబర్న్ మిస్ డన్‌మోర్‌ను కూడా లోపలికి పిలిచి, ఆమెకూ, బ్రాడ్‌వెల్‌కూ, సిరిల్‌కూ తలో కాగితం ఇచ్చాడు. "పోయిన శనివారం నాటి చివరి బండి ఫెన్‌బీకి ఏ రోజు, ఏ తేదీన, ఎన్నింటికొచ్చిందో రాయండి."

"పరీక్ష పెట్టడం నా పని కదా!" అని గొణిగింది మిస్ డన్‌మోర్. అయినా రాసింది.

కాగితాలు చూసి లాంబర్న్ అందర్నీ టికెట్ల గదిలో కూర్చోబెట్టాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. మిస్ డన్‌మోర్ 'ఆదివారం, ఏప్రిల్ ఒకటి' అని రాశారు. మేనేజరుగారూ అంతే."

"మరి అంతేగా?" అన్నాడు బ్రాడ్‌వెల్.

"మీకూ నాకూ అంతే. ఇక్కడ పాతికేళ్లు చేసినవాళ్లకు కాదు. చివరి బండి షెడ్డుకు చేరేదాకా వాళ్లకు ఆ రోజు ముగియదు. అందుకే పన్నెండూ నలభైని శనివారంలోనే వేస్తారు. సిరిల్‌గారు అలాగే రాశారు. ఉత్తరంలోనూ అలాగే ఉంది."

"రైలోళ్లు వందమంది ఉన్నారు," అన్నాడు సిరిల్.

"ఉన్నారు. కానీ ఆ రాత్రి ఇక్కడెవరూ దిగలేదు. బండిలో ఉన్న ఒక్కరూ మార్ష్‌గేట్‌లో దిగారు. చూడకుండా తాళం సంగతి తెలియాలంటే ఎవరైనా చెప్పి ఉండాలి. మ్యూరియల్‌గారూ, ఎవరికి చెప్పారు?"

మ్యూరియల్ సిరిల్ వైపు తిరిగింది. "బండి దాటగానే పక్క స్టేషనుకు ఫోన్ చేస్తాం. ఎవరూ చెయ్యమనలేదు, పాత అలవాటంతే. హీటరు సంగతి, తాళం వేసిన సంగతి... నీకే కదా చెప్పాను సిరిల్."

సిరిల్ తన బూట్ల వంక చూసుకున్నాడు. "ఆ ఉత్తరం రాసింది జీతం కోసం కాదు మ్యూరియల్. పొద్దున్నే కిటికీ తీస్తే నలుగురు గుడ్ మార్నింగ్ అంటారు. అది పోతే నాతో మాట్లాడే దిక్కే లేదు."

"నాకు మాత్రం ఉందనుకున్నావా?"



బ్రాడ్‌వెల్ సిరిల్ మీద ఫిర్యాదు ఫారం తీసి మ్యూరియల్ ముందుంచాడు. "మీరు సంతకం పెడితే ఇతన్ని ఈరోజే ఉద్యోగంలోంచి పంపించేస్తాను. లేదంటే ఇద్దరి పేర్లూ పంపుతాను. ఎవరినుంచాలో కొత్తవాళ్లే తేల్చుకుంటారు."

మ్యూరియల్ పైకప్పు వంక చూసింది. దాని మీదే ఆమె రెండు గదులు. పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

"బాగా చేశారు," అంది మిస్ డన్‌మోర్.

సిరిల్ టోపీ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. మార్ష్‌గేట్ వైపు బండి ఇంకో నలభై నిమిషాలకు గానీ లేదు. అతను ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చున్నాడు.

వెళ్లిపోదామని కారు దగ్గరికొచ్చిన విన్నీ వెనక్కి తిరిగింది. మ్యూరియల్ టికెట్ కిటికీ మూసి, కోటు గుండీలు పెట్టుకుంటూ ప్లాట్‌ఫారం పొడవునా నడిచి వెళ్తోంది. అదే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషికి సరిపడా చోటు వదిలి కూర్చుంది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. బండి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.