అడుగేస్తే పుట్టే బాట

జమున చెప్పులు విడిచి నేల మీద గట్టిగా అడుగు వేసింది. మట్టి కింద సన్నటి వేళ్ళు మేలుకుని, ఒకదాన్నొకటి పెనవేసుకుని చాపలా బిగుసుకున్నాయి. గుమ్మగెడ్డ ఊరికి వేరుబాట పుట్టింది.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ హైమవతి. విత్తనం చల్లాలి, నడవాలి, అంతే. పాదం ఒత్తిడి పడినచోట తెల్లారేసరికి వేళ్ళు బస్సును మోసేంత గట్టిపడతాయి. చెట్టు కొట్టక్కర్లేదు, తారు పొయ్యక్కర్లేదు. బస్సు కావాలన్నవాళ్ళూ, అడవి పోతుందన్నవాళ్ళూ ఇన్నాళ్ళూ ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళలేదు. ఇప్పుడు ఒక్క మాట మీదికొచ్చారు. సర్కారు రోడ్లు పేల్చే కొండమీది తుపాకులవాళ్ళు దీన్నీ పేల్చారు. మర్నాటికి అతుక్కుంది. ఆ బాటకు కాపలా జమునే. దాని మీద నడిస్తే ఆమెకు మబ్బుల్లో నడిచినట్టుండేది.

ఒక పొద్దున హైమవతి, బాట నుంచి చీలిన సన్నటి కొమ్మ చూపించింది. గాలికి విత్తనాలు కొండంతా పడినా, అదొక్కటే బాటగా బిగిసి, పైనున్న గుహ వైపు పోతోంది.

"ఇటెవరు నడుస్తున్నారు, జమునా?"

జమున తన పాదాలకేసి చూసుకుంది. గుహలో తుపాకులవాళ్ళతో ఉన్న తమ్ముడు సుక్రకి అంబలి మోసేది తనే.

"సంతరోజు శాటిలైట్ ఫొటో తీస్తుంది. పోలీసులూ చూస్తారు. బిగిసిన వేళ్ళు విప్పడం నాకు చేతకాదు, తల్లీ," అంది హైమవతి.

జమున ఊరిపెద్ద నాయుడు దగ్గరికి పరిగెత్తింది. ఆయన ట్రాక్టర్ తగలబెట్టింది సుక్రే.

"మావా, నా కాళ్ళే ఆణ్ణి పట్టిచ్చేలా ఉన్నాయి."

"ఆడు ఎదవే. అయినా మనూరి ఎదవ," అన్నాడు నాయుడు. "ఒక్క దారుంటే కదే దొరికేది?" అని డప్పు అందుకున్నాడు.

ఊరంతా నడుములు పట్టుకుని ధింసా ఆట మొదలెట్టింది. బస్సు కావాలన్నవాళ్ళూ, అడవి పోతుందన్నవాళ్ళూ ఒకే వరస. వాగు దాటి, వాలు ఎక్కి, గుహ చుట్టూ తిరిగి, అడుగుపడ్డ ప్రతిచోటా బాట. సంతరోజుకి కొండంతా అల్లిన బుట్టలా ఉంది. ఏ దారి ఎటు పోతుందో ఏ శాటిలైటుకీ అంతుపట్టదు. అది చూసి జమున గుండె పొంగిపోయింది.

ఆట ఇంకా సాగుతుండగానే పైనుంచి ఎవరో దిగుతూ కనిపించారు. భుజాన తుపాకీ లేదు. గుహలోంచి ఆ ఆటంతా చూసిన సుక్ర వచ్చి, తల దించుకుని, వరస చివర నాయుడు పక్కన నిలబడ్డాడు.

కొత్త బాట మీద గుమ్మగెడ్డకి మొదట వచ్చింది బస్సు కాదు.

"ట్రాక్టర్ సంగతి తరవాత," అన్నాడు నాయుడు, వాడి నడుం పట్టుకుంటూ. "ముందు అడుగు సరిగ్గా వెయ్యి."