ఆరని శ్రీ

ఆ యేడు ఆదోనిలో నాగేశ్వరయ్య శెట్టి దూది మండీ మీదికి కొత్త దీపం ఎక్కింది. వంచిన గాజుగొట్టం, 'శ్రీ' అనే ఒక్క అక్షరం. లోపల వత్తీ లేదు, తీగా లేదు. బిగించింది నా మొగుడు హుసేనప్పే.

"లోపల ఉండేది నియాన్ అనే గాలి. ఆ పేరుకు కొత్తది అని అర్థమంట. దేంతోనూ కలవదు, కాలదు, వాసన రాదు. కరెంటు తగిలితే మాత్రం ఎర్రగా వెలుగుతాది" అని మురిసిపోతా సెప్పినాడు.

ఒక శుక్రవారం దీపాలు పెట్టే వేళకు అది మిణుకుమనింది. బాగుచేయాలంటే కరెంటు ఆపాలన్నాడు నా మొగుడు. ఈ వేళప్పుడు శ్రీని ఆర్పితే లక్ష్మి పోతాదని శెట్టి ఒప్పుకోలేదు. ఆపకుండానే నిచ్చెన ఎక్కించినాడు. నా మొగుణ్ణి శవంగా దించినారు. ఆ శెట్టి నోట మన్ను బడ!

నెల తిరక్కుండానే ఇంకో శుక్రవారం, అదే మిణుకు. నా మొగుని దగ్గరే పని నేర్చిన మా తమ్ముడు లక్ష్మప్పను శెట్టి ఎమ్మిగనూరు నుంచి పిలిపించినాడని తెలిసి, చేతిలో చేట పారేసి ఉరికినాను. మునిమాపు. మండీ అంతా దూది దుమ్ము. పైన శ్రీ గుంయ్యిమంటాంది. తమ్ముడు అప్పటికే పైమెట్టు మీద ఉండాడు.

"శెట్టీ, కరెంటు ఆపు!"

"దీపాలేళ. నోరు మూసుకో."

"నా మొగుణ్ణి తింటివి, తమ్ముణ్ణి గూడా తింటావా? నీ ఇల్లు నాశనం గాను!"

శెట్టిని తోసేసి పెద్ద మీట కిందికి గుంజినాను.

మండీలో బల్బులన్నీ ఆరిపోయినాయి. శ్రీ ఆరలేదు.

"అక్కా..." పైనుంచి తమ్ముని గుసగుస. "తీగ గూడా ఊడబీకినా... అయినా వెలుగుతాంది..."

"దిగురా!"

తమ్ముడు దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. శెట్టి మాత్రం నవ్వినాడు.

"చూస్తివా? లక్ష్మి యాడికీ పోలేదు" అని శ్రీకి చేతులెత్తి మొక్కినాడు.

ఆ చేతులు మళ్లీ విడిపడలేదు. గుంజినాడు... మోకాళ్ల మీద పడినాడు... వేళ్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు. చర్మం కమిలిన వాసన.

"హనుమంతమ్మా... ఆర్పు..."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ముక్క నెల కిందట ఆ నోటికి రాకపాయె!

"మీట కిందికే ఉంది శెట్టీ. నన్నేం ఆర్పమంటావు?"

అప్పుడు నిచ్చెన కిర్రుమనింది. పైమెట్టు... దాని కింది మెట్టు... బరువుకు వెదురు వంగుతాంది. దాని మీద ఎవరూ లేరు. తమ్ముడు నా పక్కనే ఉండాడు.

"ఎవరది..." శెట్టి ఏడ్చినాడు.

"ఆర్పేటోడు దిగొస్తాండాడు" అన్నాను. పక్కకు జరిగి దోవ ఇచ్చినాను.