కుంటి గేరు

ఖమ్మం స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు మీది మేడగది డిటెక్టివ్ జంపక్క ఆఫీసు. ఆడమనిషి డిటెక్టివ్ ఏమిటని మొదట్లో నవ్వినవాళ్ళే, తర్వాత తప్పిపోయిన బర్రెల కోసం, చెప్పకుండా పోయిన అల్లుళ్ళ కోసం ఆ మెట్లెక్కారు. యాభై దాటిన మనిషి. నుదుట రూపాయంత బొట్టు, చేతిలో ఎండకూ వానకూ ఒకటే గొడుగు. చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. కానీ కోర్టు గేటు ముందు ఏళ్ళ తరబడి టీకొట్టు నడిపింది కదా, అబద్ధం ఎట్లా లోపలికి పోతుందో, ఎట్లా బయటికి వస్తుందో అక్కడే చూసుకుంది. అసిస్టెంటు కిషన్‌లాల్ ఆ కోర్టులోనే టైపు కొట్టేవాడు. జంపక్క మాటంటే అతనికి తీర్పు కిందే లెక్క.

అది ఎనభై ఏడు డిసెంబరు. చలికి కిషన్‌లాల్ వేళ్ళు కొంకర్లు పోతున్న పొద్దున, కొంగు నిండుగా కప్పుకున్న ఒకామె వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా.

"నా పేరు రుక్మిణి. అశ్వాపురం అవతలి నుంచి వచ్చిన. రేపు మా హేమ్లాను పోలీసోళ్లకు పట్టిస్తరక్కా. పట్టిచ్చేది ఇంకెవరో కాదు, నా మొగడే."

"హేమ్లా నీకేమైతడు?"

"గూడెపోడు. నాకు తమ్ముడంటే తమ్ముడు. ఠాణా మెట్లెక్కితే ఆయన మళ్ళ మనిషిగాడు."

ఆమె డబ్బా మూత తీసింది. లోపల పసుపుపచ్చని ముద్ద.

"నెయ్యా?" అన్నాడు కిషన్‌లాల్.

"పట్నపోడివి అనిపిచ్చుకున్నవ్," అంది జంపక్క వాసన చూసి. "ఇప్పనూనె. ఎండకు నూనె లెక్కనే పారుతది. చలికి గిట్ల గడ్డకడ్తది. అడివి దిక్కు ఎవరినడిగినా చెప్తరు. నువ్వు కూసో రుక్మిణమ్మా, మొదటి నుంచి చెప్పు."

ఆమె చెప్పిన సంగతి ఇది. రుక్మిణి భర్త భద్రయ్య బస్ డిపోలో మెకానిక్కు. ఇంట్లో పశువుల కొట్టాన్నే షెడ్డు చేసుకుని, పాత సామాను వేలంలో కొన్న చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకున్నాడు. అది ఇనుమును చెక్కే మెషిన్. కట్టర్ ఉన్నచోటనే తిరుగుతుంది. కింద టేబుల్ మీద ఇనుప ముక్కను బిగించి, చేతిపిడి తిప్పుతూ కట్టర్ కిందికి జరపాలి. చెయ్యి ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడితే గాడి వంకరపోతుంది. ఆ బాధ లేకుండా టేబుల్ తనంతట తాను నడిచేట్టు మార్చాలని భద్రయ్యకు పట్టుదల. లారీ వైపర్ మోటారు తెచ్చాడు. దానికో గేరుబాక్స్ కట్టాడు. అందులోకి కంచు గేరు తన చేత్తోనే కోశాడు. ప్రతి పనిలోనూ హేమ్లా రెండో చెయ్యి.

తల్లాడలో పగిడయ్య అనే రైస్ మిల్లు యజమాని ఉన్నాడు. మిల్లు షాఫ్టులకు కీ గాడులు, అంటే చక్రం జారకుండా బిగించే ఇనుప కీ ముక్క కూర్చునే గాడులు, కొట్టించడానికి మనిషి కావాలని, మెషిన్ నచ్చితే మిల్లు పక్క షెడ్డు కరెంటుతో సహా ఇస్తానని చెప్పి, మొన్న పొద్దున్నే చూడటానికి వచ్చాడు. భద్రయ్య స్విచ్ వేశాడు. టేబుల్ కదల్లేదు, మోటారు పొగలు కక్కింది. పగిడయ్య ఆ పొగ చూసి జీపెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత గేరుబాక్స్ విప్పితే లోపల మెషిన్ ఆయిల్ లేదు, పేరుకున్న ఇప్పనూనె ఉంది. కంచు గేరు లేదు, అరిగిన ఇనుప గేరు ఉంది.

"హేమ్లా ఇంట్ల ఇప్పనూనె తీస్తరు. షెడ్డు తాళంచెవి ఆయన కాడ కూడ ఉంటది. గంతే, ఆయనే దొంగన్నరు."

జంపక్క గొడుగు అందుకుంది. "ముద్ద చూపిచ్చినవ్. ఇగ గిన్నె చూద్దాం పా."

షెడ్డు చేరేసరికి మధ్యాహ్నమైంది. భద్రయ్య బల్ల మీద కాలిన మోటారు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. హేమ్లా గడప బయట నిలబడ్డాడు. మొన్నటిదాకా తన సొంతం అనుకున్న షెడ్డులోకి ఆ మనిషి అడుగు పెట్టడం లేదు. భద్రయ్య సొంత అన్న దూలయ్య పక్కింటి గోడ మీద నుంచి చూస్తున్నాడు.

"ఏం హేమ్లా, నువ్వేమంటవ్?" అంది జంపక్క.

"నేనేమనేది అమ్మా. దొంగిలించేటోడిని నా ఇంటి నూనె పోసి, నా పేరు రాసిపోతనా?"

"తెలివితోనే పోసినవ్, గిట్ల అనడానికే," అన్నాడు భద్రయ్య తలెత్తకుండా.

"ఇన్ని దినాలు నాకు తెలివిలేదని తిడ్తివి గదన్నా. ఒక్కపూటల ఏడ నుంచొచ్చింది?"

గోడ మీద దూలయ్య కిసుక్కున నవ్వాడు. జంపక్క గొడుగు అటు తిప్పింది. "నీకు ఈ మెషిన్ అంటే పడదంట గదా."

"అవ్. ఎట్ల పడతది? మామూలు చప్పుడైతే ఓర్చుకుందు. గేరు తిరిగినప్పుడల్లా ఒక్కపారి 'టుక్కు' అంటది. కుంటోడు మంచం చుట్టు తిరిగినట్టు. అట్లని నూనె మారుస్తనా? నాకు ఆ డబ్బా మూత తియ్యనే రాదు."

"టుక్కు ఏంది?"

భద్రయ్య కాలిన మోటారును అటూ ఇటూ తిప్పాడు. రుక్మిణే చెప్పింది. "గేరు పండ్లు సమంగ పడాలంటే చుట్టు కొలవాలె గదక్కా. ఈయన నేను జాకెట్లు కుట్టే గుడ్డ టేపు ఎత్తుకపోయిండు. అది సాగిన టేపు, వద్దంటే ఇన్లే. ఆఖరి పన్ను సన్నగ పడ్డది. నా టేపును తిట్టిండు గని, తన తప్పు ఊర్ల ఎవ్వరికి చెప్పలే."

"ఇప్పుడు చెప్పినవ్ గదా," గొణిగాడు భద్రయ్య.

జంపక్క వంగి మెషిన్ కింద చూసింది. నేల మీద పొయ్యి బూడిద చల్లి ఉంది. గొడుగు కొనతో గీకితే అడుగున నల్లటి ఆయిల్ మరక.

"బూడిద నువ్వు చల్లినవా రుక్మిణమ్మా?"

"లేదక్కా. మెషిన్ ముందల రోజు దీపం పెడ్త, నేల ఊడ్చుకుంట. బూడిదెందుకు చల్లుత? ఆ గూట్ల దీపం డబ్బా ఇప్పనూనెదే. పగిడయ్య రాకముందు దినం పొద్దూకి దీపం పెడ్దమని చూస్తే నూనె సగానికి దిగింది."

"మెషిన్ ఆయిల్ డబ్బా?"

"ఖాళీ. ఉన్నదంత అంతకుముందే గేరుబాక్స్‌ల పోసిన," అన్నాడు భద్రయ్య.

"పగిడయ్య రాకముందు దినం షెడ్డుల ఎవరెవరున్నరు?"

హేమ్లా పొద్దున నట్లు బిగించి సంతకు పోయాడు. దూలయ్య కేకలు వేయడానికి వచ్చి పోయాడు. మధ్యాహ్నం బోనకల్ నుంచి రామ్‌చందర్ వచ్చాడు. డిపోలో భద్రయ్యతో పనిచేసినవాడే, ఇప్పుడు సొంత వర్క్‌షాపు. అదే వేలంలో జోడు మెషిన్ కొన్నాడు, ఇద్దరూ కూర్చుని ఒకే కొలతల మీద గేరుబాక్సులు కట్టుకున్నారు, గేర్లు మాత్రం ఎవరింట్లో వాళ్ళు కోసుకున్నారు. అన్నం తిని, ఎండ తగ్గేదాకా షెడ్డులోనే నడుం వాల్చాడు. భద్రయ్య గోదావరి స్నానానికి పోయి వచ్చేసరికి సెలవు చెప్పి బయల్దేరాడు.

"ఆయన నాకు మస్తు సోపతి," అన్నాడు భద్రయ్య. "రేపు తల్లాడల ఆయన మెషిన్ చూపెడ్తున్నడు. షెడ్డు ఆయనకే పోతదిగ."

"గేరుబాక్స్‌ల ఇప్పనూనె దొరికిందని ఆయనకు తెలుసా?"

"నేనైతే చెప్పలే. మోటారు కాలిందని పగిడయ్య చెప్పి ఉంటడు."

"ఇగ చెప్పకుండ్రి, ఎవ్వరు గూడ. రేపు అందరం తల్లాడ పోతున్నం. ఈ కాలిన మెషిన్ గూడ లారీ ఎక్కియ్యి."

"గాయన మెషిన్ నడుస్తుంటే చూసి కడుపు మండించుకోవాలెనా?"

"చలికాలమే గదా, కొంచెం మండనియ్యి. అది చూసినంక నీ ఇష్టమున్న ఠాణాకు పోదాం."

తెల్లవారి తల్లాడ మిల్లు ముందు మంచు ఇంకా కురుస్తూనే ఉంది. వడ్లు ఉడికించే బాయిలర్ ఒక్కటే వెచ్చగా ఉంది. రామ్‌చందర్ ఇస్త్రీ చొక్కాతో తన మెషిన్ పక్కన నిలబడ్డాడు. భద్రయ్యను చూసి ఎదురొచ్చాడు.

"మోటారు కాలిందట కదా భద్రయ్యా. చాలా బాధేసింది. వైపర్ మోటారుతో ఆటలా చెప్పు. నీది కొంచెం తొందర పని."

జంపక్క మధ్యలోకి వచ్చింది. "పగిడయ్య సేటూ, మెషిన్ నడిపే ముందల దీపం పెట్టాలె గదా. ఇంద రామ్‌చందరన్నా, నీ చేత్తోనే ప్రమిదెల నూనె పొయ్యి." అని కొంగు చాటు నుంచి ఒక డబ్బా తీసి ఇచ్చింది.

రామ్‌చందర్ మూత తీసి డబ్బాను ప్రమిద మీద వంచాడు. ఏమీ పడలేదు. పూర్తిగా తలకిందులు చేసి అడుగున రెండు దెబ్బలు కొట్టాడు. లోపలికి తొంగిచూశాడు.

"ఇదేంటండీ, నూనె అని చెప్పి నెయ్యిచ్చారు?"

"దూలయ్యా, నువ్వు పొయ్యి," అంది జంపక్క.

దూలయ్య డబ్బాను ఊపి చూసి తిరిగి ఇచ్చేశాడు. "చెంబెడు వేడినీళ్ళు తెప్పియ్యి, అప్పుడు పోస్త."

"హేమ్లా?"

హేమ్లా డబ్బా తీసుకుపోయి బాయిలర్ పక్కన పెట్టాడు. కాసేపటికి తెచ్చి వంచితే నూనె ధారగా పడింది. రుక్మిణి వత్తి ముట్టించింది.

కిషన్‌లాల్‌కు ఇంకా వెలగలేదు కానీ, జంపక్క కళ్ళు చూసి తీర్పు దగ్గరపడిందని తెలుసుకున్నాడు. "ఇగ నీ మెషిన్ నడుపన్నా," అంది ఆమె.

రామ్‌చందర్ స్విచ్ వేశాడు. టేబుల్ నున్నగా జరిగింది, కట్టర్ కింద షాఫ్టు మెరిసింది. పగిడయ్య తల ఊపాడు. అప్పుడు వినిపించింది. టుక్కు. టేబుల్ ఇంకొంచెం జరిగింది. మళ్ళీ టుక్కు.

రుక్మిణి చెయ్యి కొంగు మీద ఆగిపోయింది. దూలయ్య అందరికన్నా ముందు మాట్లాడాడు. "ఓరి నీ అవ్వ, ఇది మా గోడవతలి కుంటోడే గదా."

"మెషిన్ ఆపండ్రి," అంది జంపక్క. "రామ్‌చందరన్నా, నీ గేరు ఎవరు కోసిండ్రు?"

"నేనే. చుట్టును సమంగా పంచే డివైడింగ్ హెడ్ మీద పెట్టి కోశాను. పండ్లన్నీ అచ్చంగా సమానం."

"భద్రయ్యా, సిగ్గుపడకుండ చెప్పు. నీ గేరుకు సన్నపన్ను ఏడుంటది?"

భద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "కీ గాడికి సరిగ్గా ఎదురుంగ."

కిషన్‌లాల్ స్పానర్ అందించాడు, పగిడయ్య స్వయంగా గేరుబాక్స్ విప్పాడు. కంచు గేరును దీపం దగ్గర పట్టుకుని తిప్పాడు. కీ గాడికి ఎదురుగా ఒక పన్ను, నిండు పలువరసలో పాలపన్నులా, సన్నగా ఉంది. మిల్లు కూలీల దాకా అందరూ ఒకరి భుజం మీదుగా ఒకరు చూశారు.

జంపక్క గొడుగు నేలకు ఆనించి చెప్పింది. "ఈయన ఇనుప గేరు అరిగింది. భద్రయ్య కంచు గేరు బాగ నడుస్తున్నదని తెలుసు. కొలతలు రెండిటికి ఒకటే. షెడ్డుల ఒక్కడే ఉన్నప్పుడు మార్చేసిండు. డబ్బా మూసేస్తే లోపలేమున్నదో ఎవరు చూస్తరు? అరిగిన గేరు ఎగిరెగిరి పడ్తది, భద్రయ్య పనితనమే గింతనుకుంటరు. గని విప్పేటప్పుడు ఆయిల్ ఒలికింది. బూడిద చల్లి కప్పిండు. మళ్ళ పొయ్యడానికి ఆయిల్ లేదు. గూట్ల ఇప్పనూనె కనవడ్డది, మధ్యాహ్నం ఎండకు అచ్చం ఆయిల్ లెక్కనే ఉన్నది. పోసిండు."

"అది హేమ్లా కూడా పొయ్యొచ్చు కదండీ," అన్నాడు రామ్‌చందర్. గొంతులో ఇస్త్రీ నలిగింది.

"పొయ్యడు. దొంగ కోరింది దొంగతనం బయటపడొద్దని. తెల్లారి చలికి ఆ నూనె రాయైతదని తెలిసినోడెవడన్న దాన్ని పోసి బయటపడతడా? హేమ్లాకు తెలుసు, దూలయ్యకు తెలుసు, రుక్మిణికి తెలుసు. ఆ షెడ్డుకు వచ్చినోళ్లల్ల తెలవనోడివి నువ్వొక్కడివే. గిప్పుడే డబ్బా బోర్లించి అందరికి చూపిస్తివి. ఆ నూనె పొయ్యకపోయి ఉంటే మోటారు కాలకపోవు, గేరుబాక్స్ ఎవ్వరు విప్పకపోదురు."

రామ్‌చందర్ ప్రమిద వంకే చూస్తూ, "నాకు ఈ షెడ్డు కావాలనిపించింది," అన్నాడు.

పగిడయ్య ఠాణాకు మనిషిని పంపబోయాడు. భద్రయ్య ఆపాడు. "నన్నడగకు సేటూ. దొంగతనం అంటగట్టింది హేమ్లాకు. ఆయన ఏమంటే గదే."

అందరూ హేమ్లా వైపు తిరిగారు. చెప్పొద్దూ, నిన్న గడప దాటని మనిషి ఇవాళ మిల్లు నడిమధ్యన నిలబడ్డాడు.

"ఠాణా వద్దు," అన్నాడు హేమ్లా. "మా గేరుబాక్స్‌ల ఇప్పనూనె ఇంకా అట్లనే ఉన్నది. కరిగించి, కిరోసిన్‌తోటి కడిగి ఇయ్యమను. పొరుగోళ్ల నూనె ఎట్లుంటదో చేతికి ఎరకైతది. మాకు జల్దీ కావాలె, మెషిన్ నడపాలె."

ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, రామ్‌చందర్ బాయిలర్ పక్కన కూర్చుని కడిగాడు. మిల్లు కూలీలు పని మానేసి చూశారు. మోటారు సంగతి ఏమిటని కిషన్‌లాల్ అడిగితే పగిడయ్య తన లారీ వైపు చెయ్యి చూపించాడు. "డిసెంబర్ల వాన రాదు. వైపర్ మోటారు ఊడదీస్కోండ్రి."

కంచు గేరు తన ఇంటికి తాను చేరింది. భద్రయ్య షాఫ్టు బిగించాడు, కట్టర్ సరిచూశాడు. స్విచ్ మీద పెట్టిన చెయ్యి మళ్ళీ తీసేశాడు.

"హేమ్లా, నువ్వెయ్యి."

"నువ్వెయ్యన్నా, నీ మెషిన్."

"మన మెషిన్. నా చెయ్యి మొన్న తప్పు మనిషి మీదికి లేచింది. ఇయ్యాల నీ చెయ్యే ముందు పడాలె."

హేమ్లా స్విచ్ వేశాడు. టేబుల్ నింపాదిగా నడిచింది. ఇనుము సన్నని చుట్టలుగా రాలింది. టుక్కు. మళ్ళీ టుక్కు. ప్రతి టుక్కుకూ మిల్లు కూలీలు ఈల వేస్తున్నారు. గాడి ఈ చివర నుంచి ఆ చివరకు తాడు పట్టి గీసినట్టు పడింది. పగిడయ్య అందులో కీ పెట్టి చూశాడు. వేలితో నొక్కితే చక్కగా దిగి కూర్చుంది.

ఆయన జేబులోంచి షెడ్డు తాళంచెవులు తీశాడు. గుత్తిలో రెండున్నాయి. ఒకటి భద్రయ్య చేతిలో, ఒకటి హేమ్లా చేతిలో పెట్టాడు. "ఆ టుక్కు ఒక్కటి బాగుచేసుకోండ్రి."

"ఆ పన్ను జోలికి పోవద్దు సేటూ," అంది రుక్మిణి. "మా దొంగను పట్టిచ్చింది అదే."

తమ్ముడి మెషిన్ తల్లాడకు మారుతుందంటే ముందు సంతోషించింది దూలయ్యే. కానీ తిరుగు ప్రయాణంలో, లారీ వెనక చలికి ముడుచుకుని కూర్చుని, ఎవరూ అడగకుండానే అన్నాడు. "ఇగ ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్రెట్ల పడతదో ఏమో."