కక్కుల మలుపు

అక్కడో కుళాయి ఉందని మ్యాపులో దాని పేరు నీళ్ల మలుపు. నోటితో మాత్రం ఎవరూ అలా అనరు. కక్కుల మలుపు అంటారు.

కొండ మీద పరుగు పోటీ మొదలైన రెండో ఏడు నుంచి ఆ పేరు స్థిరపడిపోయింది. సాయంత్రం ఇవతల బయల్దేరి, రాత్రంతా కొండదారుల్లో పరిగెత్తి, తెల్లారేలోగా అవతలి వైపు దిగాలి — అదీ పోటీ. అప్పటిదాకా గుర్రాల్లా వచ్చినవాళ్లు కూడా ఆ మలుపు దాటాక వంగిపోతారు. గోడకి చెయ్యి ఆనించి... పొట్ట పట్టుకుని... పేగులు బయటికొచ్చేలా.

మలుపు పైన ఒక ఖాళీ ఇల్లుంది. ఒకప్పుడు కొండ రోడ్డు వేయించిన సూపర్‌వైజరు అందులో ఉండేవాడట. వానలకి చరియ విరిగిపడి, దారి మూసుకుపోయి, ఆయన భార్య ఆ ఇంట్లోనే వాంతులతో పోయిందట. గుక్కెడు నీళ్లిచ్చే మనిషి లేక. అప్పట్నుంచీ రాత్రిపూట లోపల్నుంచి ఒక శబ్దం వస్తుందట —

గొళ్... గొళ్ళ్...

"ఆవిడ తోడు వెతుక్కుంటోంది," అని గొంతు తగ్గించి చెప్పేవాడు వాలంటీర్లందరికీ పెద్ద. "అక్కడ ఆగకండి. ఆ ఇంటి వైపు చూడకండి."

ఆ పెద్ద, శుభ్రమ్మకి బావ. అక్క మొగుడు.

శుభ్రమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా వాడటం మానేశారు. శుభ్రమ్మ అని పేరు పెట్టింది బావే. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం ఆమెకి. పొద్దస్తమానం ఊరివాళ్ల నోళ్ల గురించి వినీ వినీ, ప్రపంచం మొత్తం మీద ఆమెకి ఒక అసహ్యం పట్టుకుంది. బస్సులో కమ్మీని చేతిరుమాలుతో పట్టుకుంటుంది. హోటల్లో గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూస్తుంది. "ఈ పిల్ల సబ్బుని కూడా కడిగి వాడుతుంది," అని బావ ఎగతాళి.

అలాంటి మనిషికి స్వీపర్ డ్యూటీ పడింది.

వాలంటీర్లలో సూప్ పోసేవాళ్లు ఉంటారు. మలుపుల్లో జెండా ఊపేవాళ్లు ఉంటారు. నంబర్లు రాసుకునేవాళ్లు, కాళ్లకి మందు రాసేవాళ్లు ఉంటారు. గమ్యం దగ్గర మెడలో మెడల్ వేసి ఫోటో దిగేవాళ్లూ ఉంటారు. శుభ్రమ్మ అడిగింది ఆ ఆఖరిది. ఇచ్చింది మాత్రం అసలైన ఆఖరిది. స్వీపర్ అంటే చిట్టచివరి పరుగుమనిషి వెనకాల నడవాలి. దారి తెలియడానికి చెట్లకి కట్టిన రిబ్బన్లు విప్పుకుంటూ, ముందుపోయినవాళ్లు పారేసిన చెత్తంతా సంచుల్లోకి ఏరుకుంటూ, ఆ సంచులు మోసుకుంటూ అవతలి రోడ్డు మీద ఆగిన వ్యాను దాకా దిగాలి.

పోటీ పుట్టినప్పట్నుంచీ ఆ పని బావే చేసేవాడు. "మురికి పని నాది, ఫోటోలు మీవి," అని నవ్వేవాడు. అందుకే ఆయనంటే అందరికీ గౌరవం. ఈసారి పోటీ ముందు మెట్ల మీద మడమ బెణికి, కుర్చీకి అంటుకుపోయాడు.

"నువ్వు తప్ప దిక్కు లేదు మరదలా," అన్నాడు, సంచి మూతి రిబ్బనుతో కట్టడం నేర్పిస్తూ. రెండు చుట్లు చుట్టి, ఒక చెవి మడిచి లోపలికి దోపాడు. "ఇలా కడితే ఎంత కుదిపినా ఊడదు. ఇది నా ముడి. ఇంకెవరికీ రాదు."

"గ్లౌజులు ఎన్ని జతలున్నాయి బావా?"

"ఒకటి."

"ఒకటా!"

"ఇవి గ్లౌజులే, డజన్ల కొద్దీ ఇవ్వడానికి గాజులు కావు. తీసుకో."

ఆమె నవ్వలేదు. ఆమె మనసంతా ఇంకోచోట ఉంది. స్వీపర్‌కి ఒక అధికారం కూడా ఉంది — ఎవరైనా జబ్బుపడి నడవలేని స్థితిలో కనిపిస్తే, వాళ్ల గుండె మీది నంబరు చింపేసి పోటీ నుంచి తప్పించాలి. ఈసారి చిట్టచివర పరిగెత్తబోయేది అక్క.

అక్క మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు, మెట్లెక్కడం కూడా మర్చిపొమ్మన్నారు. మర్చిపోలేదు. ఇంటి మెట్లు కూర్చుని ఎక్కింది, నిలబడి ఎక్కింది, తర్వాత పరిగెత్తి ఎక్కింది. గెలవాలని లేదు ఆమెకి. తెల్లారేలోగా తన కాళ్ల మీద తను అవతలి వైపు దిగాలి — అంతే.

"నా నంబరు మీద చెయ్యేశావంటే," అంది అక్క, లేసులు బిగిస్తూ, "చెల్లెలివని కూడా చూడను. కొరికేస్తా."

"ఛీ. నోరు కడుక్కుని కొరుకు," అంది శుభ్రమ్మ.

చీకటి పడింది. దారి ఎక్కే కొద్దీ శుభ్రమ్మకి మనుషుల మీద మిగిలిన కాస్త నమ్మకమూ పోయింది.

పరుగులో శక్తి కోసం పీల్చి పారేసిన తీపి జెల్లు పొట్లాలు — జిగట, దాని మీద చీమలు. ఒక్క కొరుకు కొరికి విసిరేసిన నారింజలు. సూప్ కప్పులు... కొన్నిట్లో సూప్ కాదు, ఉమ్ములు. నెత్తురూ చీమూ అంటిన పట్టీ ఒకటి. ఒంటి మేజోడు ఒకటి, తడిగా. ఒక పొద వెనక ఎవరో కూర్చున్నారు, దాని మీద కాగితం కప్పి వెళ్లారు — కాగితం కప్పితే మర్యాద అయిపోయినట్టు. రంగు రంగుల బట్టలేసుకుని, కొండని ప్రేమిస్తున్నామని ఫోటోలు పెట్టేవాళ్లు వీళ్లేనా అనిపించింది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. గుడ్డ కూడా కంపుకొట్టడం మొదలుపెట్టింది.

పసుపు సంచులు రెండూ నిండి, కర్రకి చెరోవైపు వేలాడుతున్నాయి. అడుగు వేసినప్పుడల్లా లోపల ఏదో పలచగా ఊగుతోంది. భుజం మీదుగా ఒక చార కారింది. ఆమె దాన్ని చూడలేదు. చూడకూడదనుకుంది.

ముందు, పైన, అక్క తలకి కట్టుకున్న లైటు. చిన్న చుక్క. ఊగుతూ... ఆగుతూ... మళ్లీ ఊగుతూ.

వాకీటాకీ గురగురమంది.

"మరదలా... ఎక్కడున్నావ్?"

"మలుపు కిందున్నాను బావా. అక్క ఇప్పుడే మలుపు తిరిగింది."

బావ గొంతు తగ్గింది.

"అక్కడ ఆగొద్దని దానికి చెప్పాను... దెయ్యం సంగతి గట్టిగానే చెప్పాను. నువ్వూ ఆగకు. సంచులు ఇంటి గుమ్మం ముందు పడేసి వచ్చెయ్. కింద దాకా మోయక్కర్లేదు."

"గుమ్మం ముందా? మరి ఎవరు తీస్తారు?"

"నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం... లోపలికి పోకు."

ఆ తర్వాత కొండ అడ్డమొచ్చి వాకీటాకీ చచ్చిపోయింది.

ఆమె తలెత్తింది. పైన చుక్క లేదు.

"అక్కా?"

గాలి కూడా లేదు. మలుపు దగ్గర కుళాయి కింద తడి. ఆ పక్కన గోడ మొదట్లో... అది కూడా తడే, కానీ నీళ్లు కాదు. ఇంకా వెచ్చగా ఆవిరి లేస్తోంది. లైటు వేసి చూసి వెంటనే తిప్పేసింది. ఆ పక్కనే అక్క మోకాలి పట్టీ పడి ఉంది.

అప్పుడు వినిపించింది. పైనుంచి. ఖాళీ ఇంట్లోంచి.

గొళ్...

శుభ్రమ్మ లైటు పైకి తిప్పింది.

గొళ్ళ్... ళ్ళ్...

ఎవరో కక్కుతున్నారు. కక్కడానికి ఏమీ మిగలక, ఇంకా కక్కుతున్నారు.

దెయ్యం అనుకుని ఉంటే పారిపోయేదేమో. ఆమె అక్క అనుకుంది. నంబరు చింపేస్తానని భయపడి, లైటు ఆర్పుకుని లోపల దాక్కుందనుకుంది. సంచులు దించి పైకి పరిగెత్తింది.

తలుపు లేదు. ముందు గదిలో గబ్బిలాల రెట్ట. కాలు వేస్తే మెత్తగా దిగింది. లోపలి గదిలోంచి వాసన వస్తోంది... కుళ్లు వాసన కాదు మొదట. తియ్యటి వాసన. పాడైన పళ్లరసంలా, మగ్గిపోయిన నారింజలా. ఆ తియ్యదనం వెనకాల నుంచి అసలుది వచ్చింది.

"అక్కా... నేనే... ఏమీ అననే..."

గొళ్ళ్...

కాళ్ల దగ్గరే.

లోపలి గదిలో నేలంతా రాతి తొట్టి. కొండ ఊట ఆ తొట్టిలోకి వచ్చి చేరుతుంది. సగం మీద తుప్పు రేకు కప్పి ఉంది. మిగతా సగంలోంచి ఒక ముఖం ఆమె వైపు చూస్తోంది.

తెల్లగా, ఉబ్బి, ముడతలు పడ్డ నోరు. ఆ నోరు మెల్లగా తెరుచుకుంది... ఒక బుడగ పుట్టింది... పగిలింది.

గొళ్.

నోటి మూల నుంచి నల్లటి జిగురు కారి నీళ్లలోకి జారింది.

ఆమె అరవలేదు. అరవాలంటే ఊపిరి పీల్చాలి, అక్కడ పీల్చడానికి వీల్లేదు. లైటు మాత్రం పక్కకి తిప్పింది. ఆ వెలుతురులోనే ఇంకో ముఖం కనిపించింది. దాని వెనక ఇంకోటి. ఎర్రవి, నీలివి, రంగు వెలిసి తెల్లబడ్డవి. ఒకదాని మీద ఒకటి, తొట్టి నిండా.

సంచులు.

పోటీ సంచులు. ఏటికో రంగు. లోపల కుళ్లి, గాలి పుట్టి, ఉబ్బి, కింద ఊట నెట్టినప్పుడల్లా మూతుల్లోంచి కక్కుతున్నాయి. ఏళ్ల తరబడి జనం ఉమ్మిన కప్పులు, చీము పట్టీలు, పీల్చిన పొట్లాలు — అన్నీ మాగి, చారు అయి, తొట్టి అడుగున ఉన్న గొట్టంలోకి దిగుతున్నాయి.

గొట్టం ఎటు పోతుందో ఆమెకి తెలుసు. కిటికీలోంచి చూస్తే కనిపిస్తుంది. కింద కుళాయి. మ్యాపులో నీళ్ల మలుపు.

దగ్గరున్న సంచి మూతి వైపు వంగింది. పోటీ రిబ్బనే. రెండు చుట్లు... ఒక చెవి మడిచి, లోపలికి దోపి.

శుభ్రమ్మ బయటికొచ్చి, గుమ్మం పక్కన మోకాళ్ల మీద పడి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. లేచి, మూతి తుడుచుకుంది. కిందికి దిగి, తన సీసాలోని నీళ్లు పారబోసి, కుళాయి కింద పెట్టి నింపింది. లైటు ముందు పెట్టి చూసింది. ఎంత తేటగా ఉన్నాయో. హోటల్లో గ్లాసు ఎత్తి చూసినట్టు చూసినా ఏమీ తెలియదు.

రెండు సంచుల్నీ మళ్లీ భుజానికెత్తుకుంది.

దారంతా చెట్టు చెట్టుకీ లైటు వేసుకుంటూ దిగింది. ఎక్కడా అక్క పడిపోయి లేదు. అక్కడక్కడా మాత్రం దారి పక్కన తడి... మళ్లీ కొంత దూరానికి తడి.

వ్యాను దగ్గరికి చేరేసరికి తూర్పున చీకటి కాస్త పలచబడుతోంది. గమ్యం టెంటులో అక్క దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. మెడలో మెడల్. తెల్లారకముందే దిగింది, తన కాళ్ల మీదే. పక్కన డాక్టరమ్మ నాడి చూస్తోంది. బావ కుర్చీలో, మడమకి కట్టుతో, ఈ చివర నుంచి ఆ చివర దాకా నవ్వుతున్నాడు.

"లైటు ఆర్పి పరిగెత్తానే," అంది అక్క నీరసంగా నవ్వి. "వాంతి చేసుకుంటుంటే నువ్వు చూస్తే చింపేస్తావని."

"వచ్చిందమ్మా మా శుభ్రమ్మ!" అన్నాడు బావ. తర్వాత ఆమె భుజం మీద కర్ర చూశాడు. దానికి వేలాడుతున్న పసుపు సంచులు చూశాడు. నవ్వు కొంచెం సడలింది. "పిచ్చిదానా... అవెందుకు మోసుకొచ్చావ్? దెయ్యం కనిపించిందా ఏంటి?"

ఆమె సంచులు ఆయన కాళ్ల దగ్గర దించింది. సీసా బల్ల మీద పెట్టింది. చెయ్యి మాత్రం దాని మీంచి తీయలేదు.

"ఇటియ్యవే, గొంతెండిపోతోంది," అని అక్క చెయ్యి చాపింది. "ఎక్కడివి?"

"మలుపు కుళాయివి," అంది శుభ్రమ్మ. అక్క వైపు చూడలేదు. బావనే చూస్తోంది.

బెణికిన మడమతో మనిషి అంత వేగంగా లేవగలడని ఎవరూ అనుకోరు. బావ చెయ్యి సీసాని కొట్టింది. అది ఎగిరి, టెంటు గుంజకి తగిలి, నేల మీద దొర్లి దొర్లి... నీళ్లన్నీ మట్టిలోకి ఇంకిపోయాయి.

డాక్టరమ్మ తలెత్తింది. సూప్ పోసేవాడి గరిటె గాల్లో ఆగిపోయింది.

"ఏంటండీ?" అంది అక్క. "ఏమైంది? ఆ నీళ్లకేం?"

బావ అక్క వైపు తిరిగాడు.

"ఆగొద్దని చెప్పాను కదే... దెయ్యం ఉందని... చెప్పాను కదే నీకు..."

"మీ దెయ్యానికి భయపడి దాహంతో చావనా? ఆగాను. రెండు సీసాలు గటగటా తాగాను." అక్క పెదాలు తడుపుకుంది. "ఎంత చల్లగా ఉన్నాయో. కాస్త తియ్యగా కూడా ఉన్నాయి."

బావ రెండు చేతులతో బల్లని పట్టుకున్నాడు. తల కిందికి వాలింది. భుజాలు ఒక్కసారి ఎగిరాయి.

గొళ్... గొళ్ళ్...

శుభ్రమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.