గోడలో తట్టిన చెయ్యి

నందిగామ బస్టాండు ఎదురు సందులో, జిరాక్సు షాపు పైనున్న జయమణి డిటెక్టివు ఆఫీసుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళి సంబంధాల వాకబు కోసమే వస్తారు. పిల్లాడు తాగుతాడా, పిల్ల చదివానన్న చదువు చదివిందా, ఇంట్లో ఎవరికైనా ఫిట్సు ఉన్నాయా. అందుకే తలుపు దగ్గర తటపటాయిస్తున్న ఆమెను చూడగానే దిలీప్ అలవాటుగా అడిగాడు.

"పెళ్ళికొడుకు తరఫా, పెళ్ళికూతురి తరఫా అండీ?"

"పోయినాయన తరఫున," అంది ఆమె.

దిలీప్ నాలుక కరుచుకున్నాడు. లోపలి బల్ల దగ్గర జయమణి కళ్ళజోడు తీసి కింద పెట్టింది. కానిస్టేబులుగా చేరి ఎస్సైగా బయటికొచ్చిన మనిషి. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే వినడానికి సిద్ధమైందని దిలీప్‌కి తెలుసు. పరిటాలలో పత్తి తీతకెళ్ళే ఇంట్లో పుట్టి, డిగ్రీ అయ్యాక ఇక్కడ చేరినప్పటి నుంచి అతను ఆవిడ దగ్గర నేర్చుకున్నదంతా ఆ వినడమే.

వచ్చినామె పేరు సుస్మిత. జగ్గయ్యపేటలో ప్రైవేటు స్కూలు టీచరు. భర్త రాంబాబు కిందటేడు చిల్లకల్లు దగ్గర హైవే మీద లారీ కింద పడి పోయాడు. మావగారి పాతకాలపు మేడలో కింది వాటాలో కూతురు ప్రియతో ఉంటోంది. అత్తామావలు, మరిది పైవాటాలో ఉంటారు.

"గోడలోంచి తడతారండి," అంది. "స్నానాల గదిలోనూ, వంటగదిలోనూ. గట్టిగా, పిడికిలితో కొట్టినట్టు. మా ఆయన అట్టాగే తట్టేవారు, నేను స్నానానికెళ్ళి ఆలస్యం చేస్తే."

"ఎప్పుడు తడతాడు?"

"నా పని అయిపోయేటప్పటికి. ఇంక చాలు, బయటికి రా అన్నట్టు."

"పాప ఒక్కతే ఉన్నప్పుడో?"

"పాప చేతులు కడుక్కున్నా, కాళ్ళు కడుక్కున్నా రాదండి. నాకే వస్తుంది. పైగా ఎవరైనా మనుషులొచ్చిన రోజున అసలు రాదు. ప్లంబరొస్తే రాలేదు, మా అన్నయ్యొస్తే రాలేదు." సుస్మిత చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "వాడే పిలుస్తున్నాడు, నువ్వే వినిపించుకోవట్లేదు అంటారు మా అత్తయ్య. మా మరిదేమో నాకు మతి చెడిందంటాడు. ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటున్నారు. పాపని వాళ్ళ దగ్గరుంచి నన్ను పుట్టింటికి పంపాలని."

"మీ మావగారు?"

"ఆయనొక్కరే నన్ను కసురుకోరండి. కొన్నాళ్ళు వెళ్ళి కుదుటపడి రామ్మా, పాపని మేం చూసుకుంటాంగా అంటారు."

జయమణి గోడ మీది కేలండరు వైపు చూసింది.

"నేను శనివారం మీ స్కూలు హెడ్‌మేడంలాగా వస్తా. నేనొస్తున్నట్టు ఇంట్లో అందరికీ ముందే చెప్పు. మరిచిపోకు."

*

ఆ మేడ జగ్గయ్యపేట పాత బజారు వెనక ఉంది. గోడలు మూరెడు మందం. ఇనప పైపులు గోడల్లోనే పోతాయి. వెనక సందులో మాత్రం ఒక పైపు మిద్దె నుంచి కిందిదాకా బయటికి కనబడుతోంది. సందులోంచే మిద్దెకి మెట్లున్నాయి.

గుమ్మంలోనే అత్తగారు పున్నమ్మ ఎదురైంది. "స్కూల్లో బాగానే చెప్పిద్దా అండీ పాఠాలు? ఇంట్లోనేగా ఈ వేషాలన్నీ."

"బాగా చెప్తుందండి," అంది జయమణి.

మరిది నవీన్‌బాబు పురుగుమందుల షాపు నడుపుతాడు. కింది వాటా ఖాళీ అయితే సరుకు దింపుకోవచ్చని దాచుకోకుండా అన్నాడు. స్నానాల గదిలో, వంటగదిలో పాత మర కుళాయిలు తీసి పావు తిప్పుకే మూసుకునే కొత్తవి బిగించిందీ తనేనన్నాడు. "ఉన్నవి కారిపోతన్నయ్యని ఏడిస్తే నా డబ్బుల్తో వేయించా. మంచి చేసినోడే చెడ్డోడు ఈ ఇంట్లో."

దిలీప్ మనసులో అప్పుడే నేరస్థుణ్ణి తేల్చేశాడు.

మావగారు జగన్నాథరావు మెట్లు దిగి వచ్చాడు. తెల్ల పంచె, మెత్తని మాట. వీరులపాడు దగ్గర మిరప, పత్తి వేస్తాడు. నిలబడున్న దిలీప్‌కి తనే కుర్చీ జరిపాడు. "కూర్చో బాబూ. ఏం చదివావు? బీయస్సీనా. మీ నాన్నగారు అదృష్టవంతుడయ్యా." అంత పెద్దరైతు ఇంట్లో తనకి కుర్చీ వేసినవాళ్ళు లేరు. దిలీప్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇప్పుడే పైన మిరపకాయలు తిరగేసి వస్తన్నానమ్మా," అన్నాడు జగన్నాథరావు జయమణితో. ఇంతలో ఫోను మోగింది. పొలంలోంచి పాలేరు. "అట్టా చేస్తే ఎట్టారా. గాలి గొట్టం మూత తియ్యకుండా మోటారేస్తే భూమిలో పైపు పగులుద్దని ఎన్నిసార్లు చెప్పాను? ముందు మూత తీ." ఫోను పెట్టేసి నవ్వాడు. "చెప్పిందే చెప్పాలమ్మా వీళ్ళకి."

జయమణి స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పింది, ఠక్కున కట్టింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ కట్టింది. గోడ పలకలేదు. వసారాలోంచి పున్నమ్మ నిట్టూర్చింది. సుస్మిత మొహం పాలిపోయింది.

తర్వాత మిద్దె చూస్తానంటే జగన్నాథరావే తీసుకెళ్ళాడు. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు మీద నిలువుగా మరో గొట్టం లేచి ఉంది. దాని మూత తీసి పక్కన పెట్టి ఉంది, మరల దగ్గర గ్రీజు మెరుస్తోంది.

"ఇదేంటండీ?" అంది జయమణి.

"ఎప్పుడో ప్లంబరు పెట్టిందమ్మా. ఎందుకో మాకేం తెలుసు."

పక్కనే ఎండబోసిన మిరపకాయల మీద టార్పాలిను కప్పి ఉంది. రాత్రి పడ్డ జల్లు దాని మడతల్లో ఇంకా గుంటలు కట్టి నిలిచే ఉంది. దిలీప్ ఆ నీళ్ళని చూశాడు. చూశాడంతే.

దిగేటప్పుడు జయమణి సందులో ఆగి, పైపుని గోడకి పట్టి ఉంచాల్సిన క్లాంపు మరలూడి వేలాడుతుంటే వేలితో కదిపింది. పైపు ఊగింది.

"మరిదే కదా మేడం?" అన్నాడు దిలీప్ బస్సెక్కాక. "కుళాయిలు మార్చింది, గోడౌను కావాలన్నది, అన్నీ అతనే."

"దాచుకోవాల్సిన వాడు అన్నీ అట్లా బయటపెట్టడయ్యా," అంది జయమణి. "నీకు కుర్చీ వేసినాయన్ని కూడా చూడాల్సింది నువ్వు."

*

ఆదివారం కింది వాటా హాల్లో అందరూ కూర్చున్నారు. పెద్దమనిషిగా చిల్లకల్లు నుంచి వరసకు తాతయ్య అయ్యే వీరరాఘవయ్య వచ్చాడు. సుస్మిత స్నానాల గది తలుపు పక్కన నిలబడింది. ప్రియ ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది.

"స్కూలావిడకి ఇంటి సంగతులతో ఏం పని?" అన్నాడు నవీన్‌బాబు.

"నేను స్కూలావిణ్ణి కాదు," అని జయమణి తనెవరో చెప్పింది. "ఒక్క పని చూసి మీరు తీర్పు చెప్పండి బాబాయిగారూ. సుస్మితా, కుళాయి తిప్పు. తిప్పి, రోజూ కట్టినట్టే కట్టు."

నీళ్ళు పారాయి. ఆగాయి.

గోడలో ధన్‌మని మోగింది. కిటికీ ఊచలు అదిరాయి. వీరరాఘవయ్య చేతిలో కాఫీ తొణికింది. పున్నమ్మ దణ్ణం పెట్టుకుంది. అందరూ గోడ వైపు చూశారు.

జగన్నాథరావు ఒక్కడే పైకప్పు వైపు చూశాడు.

"ఎందుకు పైకి చూశారండీ?" అంది జయమణి మెల్లగా. "ఇందాక మేం గేటు తీసిన చప్పుడు వినగానే మిద్దెక్కి మూత తీసి వచ్చారుగా. తీసినా ఎందుకు మోగిందా అనా? మీరు దిగి వచ్చాక మా దిలీప్ సందు మెట్లెక్కి మళ్ళీ బిగించాడు, అందుకు."

జగన్నాథరావు పంచె అంచు సర్దుకున్నాడు.

"ఇందులో దెయ్యమూ లేదు, మతి చెడడమూ లేదు," అంది జయమణి అందరితో. "పరుగెత్తే నీళ్ళకి ఎదురుగా ఒక్కసారిగా తలుపేస్తే ఆ విసురు వెనక్కి తంతుంది. పాత మర కుళాయి నెమ్మదిగా మూసుకునేది, విసురుండేది కాదు. కొత్తది ఠక్కున మూసుకుంటుంది. పాప చిన్న చేతులతో నిదానంగా కడుతుంది కాబట్టి పాపకి మోగదు. అయినా పైన గాలి గొట్టం తెరిచి ఉంటే ఆ విసురంతా అందులోకి లేచి చల్లారిపోతుంది. దాన్ని మూస్తే పైపే అదిరి, క్లాంపు లేనిచోట గోడని కొడుతుంది."

"నేనేం మూయలేదే," అన్నాడు నవీన్‌బాబు.

"నువ్వు కుళాయిలే వేశావు. కొత్త కుళాయికి మొదట చిన్నగా చప్పుడొచ్చి ఉంటుంది. అది విని సంగతి తెలిసిన మనిషి ఇంకొకరున్నారు. గాలి గొట్టం మూసి మోటారేస్తే ఏమవుద్దో నిన్న నా ఎదురుగానే పాలేరుకి చెప్పారు. కాసేపటికి మిద్దె మీద అదే గొట్టాన్ని చూపిస్తే మాకేం తెలుసన్నారు. మిరపకాయలు తిరగేశానన్నారు, వాటి మీద కప్పిన టార్పాలిను మీద రాత్రి నీళ్ళు అట్లాగే ఉన్నాయి. చుట్టాలొచ్చేముందు మూత తీయడానికే మీరు మిద్దెక్కేది. వాళ్ళెళ్ళాక బిగించడానికి మళ్ళీ."

పున్నమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏందయ్యా ఇది? వాడే పిలుస్తున్నాడని నేను రోజూ ఏడుస్తుంటే పక్కన కూచుని విన్నావా?"

ఆ మాటకి ఆయన తల వాలిపోయింది.

"నందిగామ స్కూల్లో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టింది," అన్నాడు చివరికి. "నవీన్ చెప్పాడు. ఇయ్యాళ నందిగామ, రేపు బెజవాడ. ఆనక ఇంకో పెళ్ళి. చిన్న వయసు, కాదనలేంగా. పాపనీ తీసుకుపోద్ది. మావాడిది మాకు మిగిలింది అదొక్కటే." గొంతు తగ్గింది. "ఇది పిచ్చిదని తేలితే పాప మా దగ్గరుండిద్దనుకున్నా."

సుస్మిత తలుపు పక్క నుంచి ముందుకొచ్చింది.

"ఆ ఉద్యోగం వచ్చింది మావయ్యగారూ. పోయిన నెల్లోనే వచ్చింది. వద్దన్నా. మీరు, అత్తయ్య పాప లేకుండా ఉండలేరని వద్దన్నా." ఆమె ఏడవడం లేదు. "ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా. నన్ను అడగటం కంటే పిచ్చిదాన్ని చెయ్యటమే తేలికయ్యిందా?"

వీరరాఘవయ్య కండువా సర్దుకున్నాడు. "సరేలే అమ్మాయ్. జరిగిందేదో జరిగింది. పెద్దాయన, కొడుకు పోయిన దిగుల్లో చేశాడు. బయట నలుగురికీ తెలియకుండా సర్దుకోండి."

"మరి నన్ను పుట్టింటికి పంపటానికైతే నలుగుర్నీ పిలిచారుగా తాతయ్యగారూ," అంది సుస్మిత.

జయమణి కళ్ళజోడు పెట్టుకుంది. దిలీప్ మిద్దెక్కి గాలి గొట్టం మూత తీసి జేబులో వేసుకున్నాడు. సందులో క్లాంపుకి కొత్త మరలు బిగించాడు. జగన్నాథరావు సాయానికన్నట్టు వచ్చి పైపు పట్టుకోబోయాడు. దిలీప్‌కి ఆయన జరిపిన కుర్చీ గుర్తొచ్చింది. "అక్కర్లేదండి," అన్నాడు తలెత్తకుండా.

అతను లోపలికొచ్చేసరికి సుస్మిత పాప బట్టలు సంచిలో సర్దుతోంది. నందిగామ స్కూలుకి రేపే ఫోను చేసి, ఆ ఉద్యోగం ఇంకా ఉందేమో అడుగుతానంది. పున్నమ్మ సంచి ఒక చెవి పట్టుకుని నిలబడింది. లాగటం లేదు, వదలటం లేదు.

"ఒక్కసారి చూడండి, మోగదు," అన్నాడు దిలీప్.

సుస్మిత కుళాయి తిప్పి ఠక్కున కట్టింది. గోడ మాట్లాడలేదు.

"భయపడ్డ మాట నిజమేనండి," అంది ఆమె. "కానీ ఆయనే అనుకుని నిద్రపోయిన రోజులు కూడా ఉన్నాయి."

ప్రియ గోడ దగ్గరకెళ్ళి చిన్న పిడికిలితో మూడుసార్లు తట్టింది. తల వంచి, చెవి ఆనించి నిలబడింది. హాల్లో జగన్నాథరావు ఆ చప్పుడుకి తలెత్తి చూశాడు. పాప మళ్ళీ తట్టింది.

"నాన్నా," అంది గోడతో. "మేం నందిగామ పోతన్నాం."