పదకొండో ఇల్లు

పోస్ట్‌మాన్‌ను చంపినవాళ్ళు తలుపు బద్దలు కొట్టలేదు. తలుపు అతనే తీశాడు.

సాయంత్రం నాలుగు గంటల వేళ. గదిలో సూట్‌కేసు సర్ది ఉంది. కాళ్ళకు బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. టేబుల్ మీద సగం తాగిన టీ. తనను సరిహద్దు దాటించి సొంత దేశానికి చేర్చే వ్యాన్ వస్తుందని పొద్దుటి నుంచీ కాచుకుని కూర్చున్న మనిషి, తలుపు చప్పుడు కాగానే పరుగున వెళ్ళి గడియ తీసి ఉంటాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. అంతే.

అది జరిగి నలభై రోజులైంది.

పోస్ట్‌మాన్ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. రహస్యాలు మోసుకొచ్చేవాడు కాబట్టి. అదే డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ విభాగంలో పనిచేసే అతని అన్నకు కూడా ఒక పేరుంది: డబుల్‌చెక్. ఏ పని చేసినా రెండుసార్లు సరిచూసుకుంటే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. గ్యాస్ కట్టేశాక మళ్ళీ వెళ్ళి చూస్తాడు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తాడు. తమ్ముడు దాని మీద ఆటపట్టించని రోజు లేదు. "అన్నయ్యా, తాళం మొదటిసారి లాగినప్పుడు ఊడదు. నువ్వు రెండోసారి లాగుతావు చూడు, అప్పుడు ఊడుతుంది" అనేవాడు.

ఆ మాట అనేవాడు పోయాక డబుల్‌చెక్‌కు తాళం వేయడమంటేనే భయం పట్టుకుంది.

ఆ ఉదయం తొమ్మిదింటికి చీఫ్ పిలిచాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. కిటికీలు లేని గది, గోడకు ఒక మ్యాప్, టేబుల్ మీద ఒకే ఒక్క ఫైలు. పెద్దాయనకు డొంకతిరుగుడు తెలియదు.

పొరుగు దేశపు గూఢచారి ముఠా, కోడ్ పేరు గొడుగు. నగరంలో ఏడుగురు హంతకుల్ని దించింది. ఏడుగురికీ మన మనుషులు ఏడుగురి ఫోటోలు, అడ్రసులు ముందే చేరాయి. పదకొండు గంటలకు ఒక హోటల్ బేస్‌మెంట్‌లో ఉన్న ముఠా సర్వర్ నుంచి ఏడు ఫోన్లకు ఆఖరి ఆర్డర్ వెళ్తుంది. 'ఆపు' అని వస్తే హంతకుడు వెనక్కి వెళ్ళిపోవాలి. 'కానివ్వు' అని వస్తే చంపాలి. ఏమీ రాకపోయినా చంపాలి.

సర్వర్‌నే పేల్చేస్తే పోదా అని డబుల్‌చెక్ అడగలేదు. ఏమీ రాకపోయినా చంపుతారన్న ముక్కలోనే జవాబుంది. ఆర్డర్ల ఫైలును చెరపకూడదు. మార్చాలి. ఏడు చోట్లా 'కానివ్వు' తీసి 'ఆపు' పెట్టాలి.

"లోపలికి ఎవరు తీసుకెళ్తారు సార్?"

"గాయని."

గాయని డబుల్ ఏజెంట్. ఆ హోటల్లో పాటలు పాడుతూ, ముఠాకు మనిషిగా నటిస్తూ, మనకు సమాచారం ఇస్తుంది. లేదా మనకు మనిషిగా నటిస్తూ ముఠాకు ఇస్తుంది. పోస్ట్‌మాన్ చనిపోయాక డిపార్ట్‌మెంట్ అంతా రెండోదే నమ్ముతోంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనం పట్టాలి" అన్నాడు పెద్దాయన, ఒక నల్ల పెన్ను ముందుకు జరుపుతూ. "క్యాప్ తిప్పితే విషం సూది. రెండు సెకన్లు. మీ తమ్ముణ్ణి అమ్మింది ఆవిడే. పని అయ్యాక వాడెయ్."

డబుల్‌చెక్ పెన్ను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఉందో లేదో అని ఇంకోసారి తడిమి చూసుకున్నాడు.

పదిన్నరకు ఏసీ మెకానిక్ వేషంలో హోటల్ వెనక గేటు దగ్గర దిగాడు. మాసిన నీలం యూనిఫారం, భుజాన టూల్ బ్యాగు. స్క్రూడ్రైవర్ పిడిలో పెన్‌డ్రైవ్ దాగి ఉంది. బేస్‌మెంట్ మెట్ల దగ్గర ముదురు ఎరుపు గౌనులో, చెవులకు పొడవాటి లోలాకులతో ఒకామె నిలబడి ఉంది. పోస్టర్లలో కంటే సన్నగా ఉంది. కళ్ళ కింద నలుపును పౌడరు దాచలేకపోయింది.

"గది చల్లబడిందా?" అంది.

"ఇంకా ఉక్కగానే ఉంది."

కోడ్ సరిపోయింది. ఆమె తన కార్డు గీసి ఇనుప తలుపు తీసింది. లోపల రెండు ర్యాకుల సర్వర్లు, ఒక మానిటర్, ఒక అరిగిపోయిన కుర్చీ. కాపలావాళ్ళకు తాను చెప్పి ఉంచిందట, ఏసీ రిపేరుకు మనిషి వస్తాడని. పదకొండు దాకా ఎవరూ రారు.

అతను పెన్‌డ్రైవ్ గుచ్చుతుండగా ఆమె వెనక నుంచి మెల్లగా మాట్లాడింది. ఆ రోజు మూడున్నరకు పోస్ట్‌మాన్ తనకు ఫోన్ చేశాడట. వ్యాన్ ఇంకా రాలేదన్నాడట. వెనక మెట్లున్నాయి కదా, దిగి వెళ్ళిపొమ్మని తను బతిమాలిందట.

"వినలేదు. 'మా అన్నయ్య రాసిన లిస్టులో ఉన్నాను. మా అన్నయ్య లిస్టు తప్పదు' అన్నారు."

డబుల్‌చెక్ నమ్మలేదు. చచ్చినవాడి నోట ఏ మాటైనా పెట్టొచ్చు, వాడొచ్చి కాదనడు. ఇంత తియ్యగా అబద్ధమాడే మనిషిని ఇన్నాళ్ళూ బతకనిచ్చినందుకు పెద్దాయన మీద కూడా కోపం వచ్చింది. జేబులో పెన్ను బరువుగా తగిలింది.

ఆర్డర్ల ఫైలు దొరికింది. JSON. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె. పై పెట్టె మిషన్. దాని లోపల నగరం. దాని లోపల ఏజెంట్ల వరుస. వరుసలో ఏడు రికార్డులు. ఒక్కో రికార్డులో ఒక ఫోన్ నంబరు, ఒక ఆర్డర్. పేర్లు లేవు. ఇలాంటి ఫైళ్ళలో పేర్లు ఎవరూ పెట్టరు, మనవాళ్ళూ పెట్టరు.

ఇలాంటి పనికి అతని దగ్గర తయారుగా ఒక PHP స్క్రిప్ట్, చిన్న ప్రోగ్రాం, ఉంది. నలభై రోజుల కిందట తనే రాసుకున్నాడు. శత్రువుల కంట పడ్డ పదకొండు ఇళ్ళలో ఉన్న పదకొండు మంది మన మనుషుల్ని తీసుకురావడానికి, పదకొండు వ్యాన్లకు అడ్రసులు ఎక్కించడానికి. అప్పుడు వాడింది మొదటిసారి. ఇవాళ రెండోసారి. పని తేలికే. ఫైలు చదవాలి, పెట్టెలు ఒక్కొక్కటే తెరుచుకుంటూ వరుస దాకా దిగాలి, ఒక లూప్‌తో వరుసంతా ఒక చుట్టు తిరిగి ప్రతి రికార్డునూ మార్చాలి. తర్వాత ఇంకో లూప్. మార్చిన వరుసను మొదటి నుంచి చదివి స్క్రీన్ మీద చూపిస్తుంది. ఆ రెండో లూప్ వేరెవరూ రాయరు. డబుల్‌చెక్ మాత్రం రాస్తాడు. అది చూసి Y నొక్కితే ఫైలు సేవ్ అవుతుంది.

స్క్రిప్ట్ నడిపాడు. పది నలభై ఎనిమిది. తెర మీద ఏడు లైన్లు. ఏడింటిలోనూ 'ఆపు'.

ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టుకున్నాడు. ఏడు. సరిపోయింది. వేలు Y మీదికి వెళ్ళింది.

"చివరి రెండూ ఒకే నంబరు" అంది గాయని.

"లెక్క ఏడు."

"లెక్క సరే. ఏడోవాడు ఏడీ? వాడి నంబరు చివర నాలుగు నాలుగు తొమ్మిది ఉండాలి."

అతను కుర్చీ తిప్పాడు. ఆమెకెలా తెలుసని అడిగాడు. నిన్న ఆ ఫోన్లున్న కవర్లు ఏడూ హంతకులకు పంచింది తనేనట. ఏడో కవరు విప్పి చూసిందట. అందులో ఉన్న ఫోటో తనదే. ముఠాకు తన సంగతి తెలిసిపోయింది.

మరి పారిపోలేదేమని అడగబోయి ఆగాడు. ఆమె పారిపోతే ఈ గదికి కార్డు ఉండదు. మిగతా ఆరుగురికి దిక్కుండదు.

అయినా అనుమానం పోలేదు. ఫైలును ఈవిడే కెలికి ఉంటుంది. ఒక చేత్తో పెన్ను తీసి క్యాప్ తిప్పి, రెండో చేత్తో అసలు ఫైలు తెరిచాడు. ఆమె సూదిని చూసింది. కదల్లేదు. అసలు ఫైల్లో ఏడు నంబర్లూ ఏడు రకాలుగా ఉన్నాయి. చివరన నాలుగు నాలుగు తొమ్మిది. ఎవరూ కెలకలేదు. మళ్ళీ స్క్రిప్ట్ నడిపాడు. మళ్ళీ ఆరోవాడు రెండుసార్లు వచ్చాడు, ఏడోవాడు మాయమయ్యాడు.

అయితే తప్పు ఫైల్లో లేదు. స్క్రిప్ట్‌లో ఉంది.

పది యాభై నాలుగు. తన కోడ్‌ను తనే పరాయివాడి కోడ్‌లా మొదటి లైను నుంచి చదివాడు. లూప్‌లో మామూలుగా చేతికొచ్చేది రికార్డు నకలు. నకలు మారిస్తే అసలు మారదు. అందుకని అసలు రికార్డుకే ముడి వేసి పట్టుకుంటారు. రిఫరెన్స్ అంటారు దాన్ని. తనూ అలాగే పట్టుకున్నాడు. కానీ లూప్ అయిపోయినా ముడి విప్పలేదు. అది చివరి రికార్డుకు కట్టే ఉండిపోయింది. తర్వాత సరిచూసే లూప్‌లోనూ అదే వేరియబుల్, ఆ ముడి ఉన్న పేరే, వాడాడు. చదివిన ప్రతి రికార్డూ పోయి ఆ ముడికి అవతల ఉన్న చివరి రికార్డు మీద పడింది. మొదటిది, రెండోది, మూడోది, అలా ఆరోది. చివరికి వచ్చేసరికి ఏడోది లేదు. దాని స్థానంలో ఆరోదే ఉంది.

మార్చడంలో తప్పు లేదు. సరిచూసుకోవడంలో ఉంది.

అతని కళ్ళ ముందు తెర మీది ఏడు లైన్లు పదకొండయ్యాయి.

పదకొండు ఇళ్ళు. పదకొండో ఇల్లు తమ్ముడిది. వాణ్ణి వరుసలో చివర పెట్టింది తనే. ముందు పెడితే సొంతవాణ్ణి చూసుకున్నాడన్న మాట వస్తుందని. ఆ రోజూ లైన్లు లెక్కపెట్టాడు. పదకొండు. సరిపోయింది. పదో ఇంటికి రెండు వ్యాన్లు వెళ్ళాయి. మొదటిది మనిషిని ఎక్కించుకుపోయింది. రెండో డ్రైవరు ఖాళీ ఇల్లు చూసి, మనిషి అందలేదని మాత్రం రిపోర్టు ఇచ్చాడు. ఆ వ్యాన్ వెళ్ళాల్సింది పోస్ట్‌మాన్ ఇంటికే కాబట్టి, వ్యాన్ కంటే ముందే శత్రువులు వచ్చారనీ, ఎవరో అమ్మేశారనీ అందరూ అనుకున్నారు. డ్రైవరు ఏ వీధికి వెళ్ళాడో ఎవరూ అడగలేదు. పని అయ్యాక కాగితాలు కాల్చేయడం ఆఫీసు ఆచారం. అన్నీ కాలిపోయాయి. మిగిలింది ఈ స్క్రిప్ట్ ఒక్కటే.

తమ్ముణ్ణి ఎవరూ అమ్మలేదు. పొద్దుటి నుంచి నాలుగింటిదాకా వాడు బూట్లు వేసుకుని కూర్చున్నాడు. అన్నయ్య లిస్టు తప్పదని.

డబుల్‌చెక్ నోటి నుంచి ఏడుపు కాని శబ్దమేదో వచ్చింది. పెన్ను జారి కింద పడింది. నలభై రోజులుగా ఎవణ్ణి చంపాలా అని పళ్ళు నూరుకున్నాడో వాడే ఈ కుర్చీలో కూర్చున్నాడు. చేతులు కీబోర్డు మీద ఉన్నాయి కానీ అవి తనవి కానట్టున్నాయి.

గాయనికి కోడ్ తెలియదు. కానీ అతని ముఖం చూసింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో. ఆమె కళ్ళు నిండాయి. ఒక్క నిమిషం గోడకు తల ఆనించి నిలబడింది. తర్వాత వంగి పెన్ను తీసి, క్యాప్ పెట్టి, అతని జేబులో పెట్టింది.

"బావగారూ," అంది. "టైం అవుతోంది."

అతను తలెత్తాడు. తమ్ముడు ఆ సంగతి కూడా చెప్పకుండానే పోయాడు. అన్నయ్యకు తీరిగ్గా చెబుదామనుకుని ఉంటాడు, సరిహద్దు దాటాక.

పది యాభై ఏడు. మొదటి లూప్ కింద ఒక్క లైను రాశాడు. ముడి విప్పే లైను. unset. బ్రాకెట్లతో కలిపి పది అక్షరాలే. రెండుసార్లు తప్పు కొట్టాడు, రెండుసార్లు చెరిపాడు. నడిపాడు. ఏడు లైన్లు. ఈసారి లెక్కపెట్టలేదు. ఒక్కొక్క నంబరూ పైకి చదివాడు. ఆమె అసలు ఫైలు చూస్తూ ఒక్కొక్కదానికీ ఊఁ కొట్టింది. ఏడోది సగం చదివి ఆగాడు.

"నాలుగు నాలుగు తొమ్మిది" అని ఆమే పూర్తి చేసింది.

పది యాభై తొమ్మిది, నలభై సెకన్లు. Y నొక్కాడు.

పదకొండైంది. సర్వర్ మీద పచ్చ లైటు ఏడుసార్లు మిణుకుమంది.

ఇద్దరూ మెట్లెక్కి లాబీలోకి వచ్చేసరికి, లిఫ్టు ఎదుట సోఫాలో పేపర్ చదువుతున్న ఒక మనిషి ఫోన్ చూసుకుని, పేపర్ మడిచి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. గాయని అతన్ని చూపు తిప్పకుండా చూసింది. అతను వెళ్ళాక డబుల్‌చెక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆమెను సురక్షితమైన ఇంటికి చేర్చి ఆఫీసుకు వచ్చాడు. నల్ల పెన్ను పెద్దాయన టేబుల్ మీద పెట్టాడు. వాడలేదేమని పెద్దాయన అడిగాడు.

"ఇంటి దొంగ దొరికాడు సార్. ఆవిడ కాదు."

చెప్పాడు. మొదటి నుంచి చివరిదాకా, గొంతు పెంచకుండా. తమ్ముణ్ణి చివర ఎందుకు పెట్టాడో కూడా. పెద్దాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"అది ద్రోహం కాదయ్యా. పొరపాటు."

"తలుపు తీసినప్పుడు వాడికి ఆ తేడా తెలిసి ఉండదు సార్."

పెద్దాయన పెన్ను సొరుగులో పడేశాడు. ఇంటికి వెళ్ళు, అమ్మకు నువ్వే చెప్పు, ఇంకొకరి ద్వారా తెలియనివ్వకు అని మాత్రం అన్నాడు.

డబుల్‌చెక్ తన గదికి వెళ్ళి స్క్రిప్ట్‌లో ఆ లైను చేర్చి సేవ్ చేశాడు. లైటు ఆర్పి బయటికొచ్చి తాళం వేశాడు. ఒకసారి లాగాడు. చెయ్యి దానంతటదే రెండోసారికి వెళ్ళి, మధ్యలో ఆగింది. కారిడార్‌లో ఎవరూ లేరు. రెండోసారీ లాగాడు.

ఊడలేదు. తమ్ముడి మాట ఈ ఒక్కసారి తప్పింది. ఎగతాళి చేద్దామంటే వాడు లేడు.